అమ్మకానికి పెట్టిన మూడూ మీవే

ప్రశ్న: నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లె. నా వయసు 44. మావారు రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు, జీతం 32 వేలు. నేను జాకెట్లు కుడతాను, నెలకు 8 వేల దాకా వస్తాయి. పోయిన వైశాఖంలో పెద్దమ్మాయి పెళ్లి చేశాం. అబ్బాయి ఇంజనీరింగు చివరి సంవత్సరం. పెళ్లికి ముందే ఇంటికి రంగులు వేయించి, మేడ మీద గది కట్టించాం. చుట్టాల ముందు చిన్నతనం కాకూడదని పాత కారు కొన్నాం. పెళ్లయ్యాక ఆషాఢం సారె, శ్రావణ మంగళవారాల నోము. ఇప్పుడు తొమ్మిది లక్షల పైన అప్పుంది.

ఇద్దరి దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోట్లు రాశాం, ఒకటి రెండున్నర లక్షలు, ఒకటి లక్షన్నర. క్రెడిట్ కార్డుల మీద 1,40,000 ఉంది, నెలకు కనీస మొత్తం 7 వేలు కడుతున్నాం. నా బంగారం 12 కాసులు రెండేళ్ల కిందట ప్రైవేటు ఫైనాన్సులో 3,60,000కు పెట్టాం, వడ్డీ రూపాయిన్నర. రెండు లక్షల చీటీ ముందే పాడుకున్నాం, ఇంకా ఏడు వాయిదాలు 10 వేల చొప్పున కట్టాలి. కారుకు నెలకు 9,800, ఇంకా 2,60,000 బాకీ. ఇవి కాక మావారికి తెలియకుండా ఫోను యాప్‌లలో 45 వేలు తీసుకున్నాను, నెలకు 6 వేలు కడుతున్నాను. వాళ్లు వేళ కాని వేళ ఫోన్లు చేస్తున్నారు.

సంక్రాంతికి కొత్త అల్లుణ్ని పిలవాలి. రెండు కాసుల బ్రేస్‌లెట్ పెడతామని మావారు వియ్యపురాలి ముందు అనేశారు. దానికి, పండగ ఖర్చుకు ఇంకో రెండు లక్షలు తెస్తానంటున్నారు. ఏటా కోడిపందేల బరి దగ్గర సరదాకు పది, ఇరవై వేలు ఎలాగూ పోతాయి. మా అమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన 30 సెంట్ల కొబ్బరితోట ఉంది. ఖర్చులు పోను ఏడాదికి 15 వేలు మిగులుతుంది, ఆరు లక్షలకు అడుగుతున్నారు. అది అమ్మేయనా? మిగిలిన బంగారం కూడా వదులుకోనా? మా వీధిలో ఆవిడలాగా రెండేళ్లు కువైట్ వెళ్లి పని చేసి రానా? సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తుంటే పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ముందు చివరి వాక్యానికి జవాబు చెబుతాను. కాలవ గట్టు మీద పిచ్చి ఆలోచనలన్న మాట మాటవరసకు రాసినదని నేను అనుకోను. ఇవాళే మీ పెద్దమ్మాయికో, తోడబుట్టినవాళ్లకో ఆ మాట ఉన్నదున్నట్లు చెప్పండి. ఎవరికీ చెప్పుకోలేని రాత్రి వస్తే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా పలుకుతారు. మీకున్న అప్పు తీరని అప్పు కాదు. ఎలా తీరుతుందో కింద లెక్కతో సహా రాస్తున్నాను. నేను డెల్టా ఊళ్లలోని బ్యాంకు శాఖల్లో ముప్పై ఏళ్లు అప్పులు ఇచ్చి, వసూలు చేసినవాణ్ని. ఇంతకంటే చిక్కు పడిన కుటుంబాలు ఒడ్డుకు రావడం చూశాను.

తొమ్మిది లక్షల పైన అన్నారు. మీరు రాసిన అంకెలే కాగితం మీద కూడాను, 12,75,000 వచ్చింది. మీరు కారు బాకీని, చీటీ వాయిదాలను అప్పుగా లెక్క వేయలేదు. పాడుకున్న చీటీ అప్పే. డబ్బు ముందే వాడేసుకున్నాం, ఇక కట్టడమే మిగిలింది. నెల నెలా కట్టాల్సినవి కూడితే 46,200. మీ ఇద్దరి సంపాదన 40 వేలు. అంటే బియ్యం, పాలు, అబ్బాయి ఖర్చు, కరెంటు బిల్లు మొదలుకాకముందే 6,200 తక్కువ పడుతోంది. ఆ తక్కువే కార్డుల మీదికి, అక్కడి నుంచి యాప్‌ల మీదికి వెళ్లింది. మీ చేతిలో దుబారా ఉండి ఇలా అయిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ లెక్కలో ఎంత పొదుపరి అయినా మునుగుతారు.

నోట్లకు, కార్డులకు, బంగారానికి కలిపి వడ్డీ ఒక్కటే నెలకు 18,300. రోజుకు 610 రూపాయలు. మీరు మిషను ముందు కూర్చుని రోజంతా కుట్టినా 270 రాదు. కార్డుల సంగతి మరీ అన్యాయం. నెలకు మూడున్నర శాతం వడ్డీ చొప్పున 1,40,000 మీద 4,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 882. మీరు కట్టే 7 వేలలో అసలుకు చేరేది పన్నెండు వందల చిల్లర. పైగా బాకీ మోస్తున్నంత కాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ. గడువు లోపల కడితే వడ్డీ లేదన్న సౌకర్యం మీకు ఎప్పుడో పోయింది.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయం. ఈ అప్పు తీర్చడానికి మీరు మూడు దారులు అడిగారు. మీ అమ్మ ఇచ్చిన తోట, మీ ఒంటి మీది బంగారం, మీరు పరాయి దేశంలో చేయబోయే చాకిరీ. మూడూ మీవే. పెళ్లి ఇద్దరూ చేశారు, మేడ మీద గది ఇద్దరిదీ, బ్రేస్‌లెట్ మాట ఇచ్చింది ఆయన, కారు ఆయన పేరు మీదే ఉండి ఉంటుంది. తీర్చే వంతు వచ్చేసరికి మీ పెట్టె మాత్రమే తెరుచుకుంటోంది. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. పూర్తి లెక్క ఆయనకు తెలియదు, అందులో కొంత మీరే దాచారు. కాబట్టి మొదటి పని ఇంట్లోనే ఉంది.

1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమైనప్పుడు నేను అక్కడే ఒక శాఖలో పనిచేస్తున్నాను. అప్పులు వాయిదాలుగా సర్దమని అడగడానికి రైతులు వరస కట్టేవారు. ఒక రైతుకు నేనే కూర్చుని, తోట మళ్లీ కాపుకు వచ్చేదాకా ఏ నెల ఎంత కట్టగలడో కాగితం మీద వేసి ఇచ్చాను. మూడు నెలలకే అది తప్పింది. ఆయన భార్య కూతురి పురుడికి బయట తెచ్చిన అప్పు ఒకటి మా లెక్కలో లేదు. భర్తకు చెప్పలేదు. అప్పిచ్చినాయన ఇంటి ముందు నిలబడిన రోజు ఇద్దరికీ తెలిసింది. మళ్లీ వచ్చి నా ఎదుట బెంచీ మీద కూర్చున్నారు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెండోసారి వేసిన కాగితం నిలబడింది, కానీ ఆ మూడు నెలల వడ్డీ వాళ్లకు దండగ అయింది. మీ 45 వేలు అలాంటిదే.

ఒక ఆదివారం చూసుకుని, భోజనాలయ్యాక, మీవారిని, అబ్బాయిని కూర్చోబెట్టండి. అబ్బాయికి ఇరవై ఏళ్లు దాటాయి, వాడికి తెలియాలి. యాప్‌ల మాట మీరే ముందు చెప్పండి. "నేనూ ఒక తప్పు చేశాను, చెబుతున్నాను, మీరూ చెప్పండి" అంటే ఎదుటివారికి నోరు పెంచడానికి వీలుండదు. ఆయనకూ మీకు తెలియని చేబదులు ఒకటో రెండో ఉండవచ్చు. అన్నీ ఒకే కాగితం మీద, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అని రాయండి. ఎక్కువ వడ్డీది పైన.

మొదట కారు. మూడున్నర లక్షలు పలికే బండి అనుకుంటే, 2,60,000 బాకీ తీరి 90 వేల దగ్గర మిగలాలి. ముందుగా ముగించినందుకు ఫైనాన్సు వాళ్లు వేసే రుసుము ఎంతో లిఖితంగా అడగండి. డబ్బు కట్టాక వాళ్ల దగ్గర బాకీ లేదన్న పత్రం (ఎన్‌వోసీ), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో అప్పు నమోదు తొలగిస్తేనే బండి కొన్నవాళ్ల పేరుకు మారుతుంది. ఆ పని మధ్యవర్తి చేతిలో వదిలేయకండి. కారు పోతే చుట్టాలు ఏమంటారో అని మీవారు జంకుతారు. ఒక వారం అంటారు. నెలకు 9,800 మాత్రం ప్రతి నెలా మిగులుతుంది, పెట్రోలు, బీమా వేరే.

ఆ వచ్చిన దానిలోంచి 45 వేలు యాప్‌లకు కట్టి మూసేయండి. కట్టే ముందు ప్రతి యాప్ వెనుక అప్పు ఇచ్చిన సంస్థ ఏదో, దానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి ఉన్న సంస్థ అయితే ఖాతా ముగించినట్లు పత్రం అడగండి. వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు, మీ బంధువులకు, స్నేహితులకు చేసి పరువు తీయకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు నియమాలు. తప్పితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, వివరాలకు 14448. అనుమతి లేని యాప్ అయి, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే పైసా ఎక్కువ కట్టకండి. వెంటనే 1930కి చెప్పండి, సైబర్ నేరాల ఫిర్యాదుల నంబరు అది. ఫోన్లలో వచ్చిన బెదిరింపులు చెరిపేయకుండా దాచండి. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అలా బెదిరించడం నేరం.

మిగిలిన డబ్బు కార్డులకు. కార్డులన్నీ ఈ రోజే కత్తిరించండి. బాకీ మొత్తాన్ని తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడగండి, చాలా బ్యాంకులు మారుస్తాయి. "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అని ఫోను వస్తే తొందరపడకండి. ఆ మాట సిబిల్ నివేదికలో ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు అబ్బాయి చదువు రుణానికి మీరు సంతకం పెట్టాల్సి వస్తే అడ్డం పడుతుంది.

ఇక బంగారం. ఇది మీది, అందుకే కారు తర్వాతే దీని మాట ఎత్తాను. రెండేళ్ల కిందట పెట్టిన 12 కాసులు ఇవాళ్టి ధరకు ఎంతో ఒకసారి లెక్క వేయించండి. మీ 3,60,000 అప్పు అందులో సగానికి బాగా తక్కువే తేలుతుంది. నమ్మకమైన బంగారు కొట్టాయనను వెంటబెట్టుకుని వెళ్లి, అప్పు కట్టించి, నగలు మీ కళ్ల ముందు తూయించుకుని, ఆ అప్పుకు సరిపడా నగలు మాత్రమే అమ్మండి. అమ్మాయి వేసుకోవాలని ముచ్చటపడే పాతకాలపు నగ ఏదైనా ఉంటే అది ఉంచుకుని, గాజుల్లాంటివి వదలండి. అన్నీ బ్యాంకులో మళ్లీ పెట్టి పెద్ద మొత్తం తెచ్చుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. వద్దు. మన వైపు ఇళ్లలో తాకట్టుకు వెళ్లిన నగ వడ్డీ పెరిగి వేలానికి వెళ్లడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. అమ్మిన నగకు వడ్డీ ఉండదు.

ఒక్క చోట మాత్రం తాకట్టుకు ఒప్పుకుంటాను. చేతికి వచ్చిన మిగతా నగల్లో కొన్నిటిని జాతీయ బ్యాంకులో గానీ సహకార సంఘంలో గానీ పెట్టి, ఆ డబ్బుతో రెండున్నర లక్షల నోటు తీర్చేయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నెలకు 5 వేలు. బ్యాంకు వడ్డీ 10 శాతమే అనుకున్నా నెలకు 2,100 దాటదు. డబ్బు అప్పిచ్చినాయన చేతిలో పెట్టగానే నోటు వెనక్కి తీసుకుని చించేయండి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కులేమైనా ఉంటే అవీ తెచ్చుకోండి. ఇది మరిచిపోయి తర్వాత కోర్టు నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు.

లక్షన్నర నోటాయన దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. "ఒకటి తీర్చాం, మీదీ తీరుస్తాం, రూపాయి వడ్డీ చేయండి" అని అడగండి. పల్లెల్లో ఇది కొత్త కాదు. అప్పిచ్చినవాళ్లకు ఉండే భయం ఒకటే, వీళ్లు ఐపీ పెడతారేమోనని, అంటే దివాలా తీశామని కోర్టుకెక్కుతారేమోనని. కళ్లెదుట ఒక నోటు తీర్చినవాళ్ల మాటకు విలువ ఉంటుంది. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక తేదీతో చెల్లు రాయించి, మీ దగ్గర కూడా ఒక కాగితం పెట్టుకోండి. మూడేళ్లు నిండబోతోందని నోటు తిరగ రాయమంటే, వడ్డీని అసలులో కలుపుతున్నారేమో చూడండి. కలిపితే బారు వడ్డీ కాస్తా చక్రవడ్డీ అవుతుంది.

ఇవన్నీ అయితే 46,200 కాస్తా 22,100కు దిగుతుంది. కార్డుకు 7 వేలు, చీటీకి 10 వేలు, నోటు వడ్డీ 3 వేలు, బ్యాంకు వడ్డీ 2,100. ఏడు నెలల్లో చీటీ అయిపోతుంది. ఆ 10 వేలు మర్నాటి నుంచి ఇంటి ఖర్చులో కలిసిపోకుండా కార్డు మీదికి మళ్లించండి. ఏడాది తిరిగేసరికి కార్డు పోతుంది, ఆ తర్వాత మొత్తం 17 వేలు నోటు మీదికి, ఆపైన బ్యాంకు బంగారం మీదికి. మూడేళ్లు పడుతుంది. ఆలోగా అబ్బాయి ఉద్యోగంలో చేరితే ఇంకా త్వరగా.

తోట సంగతి. ఏడాదికి 15 వేలు వచ్చే తోట పెట్టుకుని లక్షకు పైగా వడ్డీ కట్టడం ఏమిటని ఎవరైనా అంటే, ఆ లెక్కలో తప్పు లేదు. అయినా ఇప్పుడు అమ్మవద్దంటాను. ఇంటి ఖర్చు తీరు మారకముందు ఆరు లక్షలు చేతికి వస్తే అందులోంచే బ్రేస్‌లెట్ వస్తుంది. నేను బ్యాంకులో పనిచేస్తుండగా, భూమి అమ్మిన డబ్బు ఎటు పోయిందో చెప్పలేకపోయిన ఇళ్లను చూశాను. ఒక ఏడాది గడువు పెట్టుకోండి. వచ్చే సంక్రాంతికి పై కాగితం ప్రకారం నడవలేకపోతే అప్పుడు అమ్మేయండి, దిగులు పడకండి, మీ అమ్మగారు తోట ఇచ్చింది మీరు నిద్రలేకుండా ఉండడానికి కాదు. ఇంకొకటి, పాసు పుస్తకం పెట్టి పంట రుణం తెమ్మని అనవచ్చు. 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది, నిజమే. అది పంటకు. ఇంటికి వాడేస్తే గడువు రోజున కట్టడానికి మళ్లీ రెండు రూపాయల నోటే దిక్కు.

కువైట్ ప్రయాణం మీకు ఇప్పుడు అక్కర్లేదు. ఎప్పటికైనా వెళ్లాలనుకుంటే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ నమోదు ఉన్న దారిలోనే వెళ్లాలి. ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, తర్వాత మారుస్తాం అన్న ఏజెంటు గుమ్మం తొక్కకండి.

పండగ మిగిలింది. నిజానికి మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పెద్ద చిక్కుగా కనిపించింది ఇదే, ఎందుకంటే 12 లక్షలకు వడ్డీ తెలుసు, మాటకు వడ్డీ తెలియదు. కొత్త అల్లుణ్ని సంక్రాంతికి పిలవడం మన వైపు ఎంత ముద్దయిన సంగతో నాకు తెలుసు. ఇప్పుడేమో వందల రకాల వంటకాలతో విస్తరి పరిచి వీడియోలు తీస్తున్నారు. అవి చూసి మీవారి గుండె గుబేలుమని ఉంటుంది. కానీ ఆ బ్రేస్‌లెట్ అప్పు తెచ్చి పెట్టినదని రేపు మీ అమ్మాయికి తెలియకుండా ఉండదు. తెలిసిన రోజు ఆ పిల్ల దాన్ని భర్త చేతికి చూసినప్పుడల్లా ఏమనుకుంటుంది?

అమ్మాయికి ఇవాళే ఫోను చేసి నిజం చెప్పండి. తర్వాత మీరే వియ్యపురాలికి చేయండి. మొహమాటం వద్దు, వంక పెట్టవద్దు. "వదినగారూ, పెళ్లి ఖర్చులు ఇంకా సర్దుకుంటున్నాం. ఈ ఏడు అబ్బాయికి బట్టలు పెట్టి, నాలుగు రోజులు కడుపునిండా భోజనం పెట్టుకుంటాం. ఆయన అన్న మాట వీలైనప్పుడు నిలబెట్టుకుంటాం" అనండి. అంతే. ఆవిడ కూడా ఆడపిల్లనో, మగపిల్లాణ్నో పెళ్లి చేసిన మనిషే. ఒకవేళ ముఖం ముడుచుకున్నా, రెండు రూపాయల నోటు రాయడం కంటే ఆ ముడుచుకున్న ముఖం చూడడం తేలిక. ఇంటి అరిసెలు, జంతికలు, సున్నుండలు మీ చేత్తో చేయండి, ఆత్రేయపురం పూతరేకులు ఓ పెట్టె తెప్పించండి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అల్లుణ్ని, అమ్మాయిని మీవారే వెంటబెట్టుకుని తీసుకెళ్లనివ్వండి. అక్కడికి వెళితే ఆయన బరి దగ్గర ఉండరు. కోడిపందేలు చట్టం ఒప్పుకోని పని అన్నది ఒకటి, ఆ పది, ఇరవై వేలు అంటే ఒకటిన్నర నుంచి మూడు నెలల కార్డు వాయిదా అన్నది రెండోది. ఈ మాట ఆయనకు మీరు చెప్పే కంటే ఆదివారం నాటి కాగితం మీద "బరి" అని ఒక వరస రాసి ఆయన చేతే అంకె వేయించండి.

నెలగంట పెట్టారు, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు మీ గుమ్మం ముందు కట్టకు కట్ట పడేసి ఉంటారు. ఈ నెల వచ్చే ఎక్కువ డబ్బు దేనిలోనూ కలపకండి, ఆపదకు ఉంచండి, మళ్లీ యాప్ తెరవాల్సిన అవసరం రాకుండా. చీటీ ఆఖరి వాయిదా కట్టిన నెలలో నాకు ఇంకో ఉత్తరం రాయండి. కార్డు మీద అప్పటికి ఎంత మిగిలిందో ఆ అంకె కూడా రాయండి.